ఎడమవైపు ఎవరూ నిలబడలేదు

కిరండూల్ ఇనుప గనుల కాలనీలో పొద్దున ఆరు గంటలకు ప్రతి ఇంట్లోనూ రెండు పనులు జరుగుతాయి. రాత్రి పేరుకున్న ఎర్రదుమ్మును ఆడవాళ్ళు గుమ్మం బయటికి ఊడుస్తారు. మగవాళ్ళు ఆ దుమ్ము మీదుగా నడిచి వెళ్ళి పాల ప్యాకెట్లు తెస్తారు. పద్నాలుగో నంబరు క్వార్టరులో మూడో పని కూడా ఉండేది. శేషగిరిరావు స్నానం చేసి, చెప్పులు విడిచి, ముందుగదిలో కంప్యూటరు మీద కప్పిన నీలం మఖమల్ గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, యంత్రానికి అగరుబత్తి చూపించేవాడు. తరువాత మీట నొక్కేవాడు. అది తెరుచుకునేదాకా మహాలక్ష్మి కాఫీ గ్లాసుతో బల్లకు మూరెడు దూరంలో నిలబడాలి. గ్లాసు బల్ల మీద పెట్టకూడదు. కాఫీ ఆవిరికి వైరస్ పడుతుందని ఆయన నమ్మకం.

ఆయనది గనుల ఆఫీసులో తపాలా విభాగం. ఇరవై తొమ్మిదేళ్ళుగా, వచ్చిన ప్రతి కాగితం మీద తేదీ ముద్ర వేసి, "అందినది" అని సంతకం పెట్టడమే ఉద్యోగం. చదవడం ఆయన పని కాదు. చదవలేదు కూడా. అందిన కాగితానికి అందినట్టు చెప్పకపోవడం మర్యాద తెలియనివాళ్ళ లక్షణమని మాత్రం గట్టిగా అనుకునేవాడు. ఆ అలవాటునే ఇంటికి తెచ్చుకున్నాడు. తెర మీద ఏ పెట్టె తెరుచుకున్నా, అందులో ఏం రాసి ఉన్నా, కింద "ఓకే" కనిపిస్తే నొక్కేవాడు. "అనుమతించు" అన్నా నొక్కేవాడు. మూలన ఇంటూ గుర్తు ఉంటుందని, అది నొక్కితే పెట్టె మూసుకుపోతుందని ఆయనకు తెలుసు. కానీ పనిగట్టుకుని ఒకరు పంపినదాన్ని మొహం మీదే మూసేయడానికి చేయి రాలేదు.

నొక్కినప్పుడల్లా ఆ పెట్టెలోని మనిషి తెరలోంచి దిగి ముందుగదిలోకి వచ్చేవాడు.

మొదట వచ్చింది బూడిదరంగు సూటు వేసుకున్న ఒకాయన. కీబోర్డు తొక్కకుండా బల్ల మీంచి జాగ్రత్తగా దిగి, చేతులు జోడించి, "అభినందనలు! పది లక్షల మందిలో మీరు ఎంపిక చేయబడ్డారు" అన్నాడు. తాను ఎంపిక చేయబడటంలో శేషగిరిరావుకు వింతేమీ కనిపించలేదు. కుర్చీ చూపించి, "ఏమే, ఇంకో కాఫీ" అని కేకేశాడు. ఆ వారంలో పదిహేడు మంది వచ్చారు. పొట్ట కరిగించే నూనె తెచ్చిన ఇద్దరు, బట్టతల మీద జుట్టు మొలిపించేవాడు, మీ పక్కవీధిలోనే ఉంటానని నవ్వే ఒక అమ్మాయి. ఆమెకు కిరండూల్ ఎక్కడుందో తెలియదు. చేతిలో ఏమీ లేకుండా "త్వరపడండి, త్వరపడండి" అనడానికి మాత్రమే వచ్చినవాడు ఒకడు. అందరూ మర్యాదగానే మాట్లాడేవాళ్ళు. నిజం మాత్రం ఒక్కరూ మాట్లాడేవాళ్ళు కాదు. రాత్రి కంప్యూటరు ఆపితే వచ్చిన దారినే పోయేవాళ్ళు. పాలబూత్‌లో మనిషి "ఇవాళ ఎంతమంది సార్?" అని అడిగి దానికి తగ్గట్టు ప్యాకెట్లు ఇచ్చేవాడు. ఆ ఇంటికి వచ్చేపోయేవాళ్ళు ఎక్కువని కాలనీలో అనుకున్నారు. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

తరువాత ఎర్ర అక్షరాల పెట్టె ఒకటి తెరుచుకుంది. మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది, వెంటనే రక్షకుణ్ణి పిలవండి అని అందులో ఉంది. శేషగిరిరావు ఓకే నొక్కాడు. లాఠీతో ఒక మీసాలవాడు దిగాడు. మర్నాడు ఇంకొకడు దిగి, మొదటివాడే అసలు వైరస్ అన్నాడు. నెల తిరిగేసరికి అయిదుగురయ్యారు. ఒకరి కాలరు ఒకరు పట్టుకుని ముందుగది మధ్యలో నిలబడేవాళ్ళు. వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి ఎవరు లోపలికి వచ్చినా పట్టించుకునేవాళ్ళు కాదు. కంప్యూటరు తెరుచుకోవడానికి అరగంట పట్టేది. శేషగిరిరావు కాలనీ క్లబ్బులో "గృహ కంప్యూటరు భద్రత" మీద ఉపన్యాసం ఇచ్చి, తన ఇంట్లో అయిదంచెల రక్షణ ఉందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఆ క్లబ్బులో చప్పట్లకు పెద్ద కారణం అక్కర్లేదు.

సన్నటి మనిషి ఒకడు ఉచిత పంచాంగంతో వచ్చాడు. శేషగిరిరావు ఎక్కడో చూసి, రాహుకాలం దానంతట అదే చెబుతుందని ఆ పంచాంగం కంప్యూటరులోకి దించుకున్నాడు. పంచాంగం ఒక్కరోజే పనిచేసింది. దాని వెనకాలే దిగిన మనిషి మాత్రం ఉండిపోయాడు. చొక్కా గుండీలు గొంతుదాకా పెట్టుకుని, ఫ్రిజ్ పక్కన స్టూలు మీద కూర్చుని, చేతిలో పుస్తకంలో ఏదో రాసుకునేవాడు. రాత్రి యంత్రం ఆపినా వెళ్ళేవాడు కాదు. కాఫీ ఇస్తే తాగేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. రాసుకునేవాళ్ళంటే శేషగిరిరావుకు గౌరవం. అడ్డు చెప్పలేదు. బ్యాంకు పాస్‌వర్డు కొట్టేటప్పుడు పైకి చదువుకుంటూ కొట్టడం ఆయన అలవాటు. సన్నటి మనిషి అదీ రాసుకున్నాడు.

ఈ ఇంట్లో ఎక్కువగా కదిలేది మహాలక్ష్మి. కాబట్టి ఆ పుస్తకంలో ఎక్కువ పేజీలు ఆమెవే అయ్యాయి.

ఆమెకు యాభై ఒకటి. పార్వతీపురంలో పుట్టి, పెళ్ళై ఈ రైలుదారి చివరి ఊరికి వచ్చింది. ఏడాదిగా ఆమె చేతిలో వస్తువులు నిలవడం లేదు. గట్టు మీద ఎడమపక్క పెట్టిన గ్లాసు మోచేయి తగిలి పడేది. వంటింట్లోంచి వస్తుంటే ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకునేది. ఒకసారి ఆ పక్కనుంచి వచ్చిన రక్షకుణ్ణి చూసుకోక గుద్దుకుంటే, సాంబారు గిన్నె మఖమల్ గుడ్డ మీద ఒలికింది.

"కళ్ళు నెత్తిమీదున్నాయా?" అన్నాడు శేషగిరిరావు. "యంత్రం మీద పడుంటేనో? ఒక్క చుక్క చాలు, లోపల అంతా పాడు."

"చెయ్యి కాలిందండీ."

"నీళ్ళు పోసుకో. ముందా గుడ్డ నానబెట్టు."

ఆమె ముందు గుడ్డే నానబెట్టింది. పరధ్యానం ఎక్కువైందని తనను తానే తిట్టుకుంది.

ఫిబ్రవరి నుంచి వచ్చేవాళ్ళ తీరు మారింది. పొట్ట నూనెవాళ్ళు, బహుమతులవాళ్ళు తగ్గిపోయారు. కళ్ళజోళ్ళవాడు వచ్చాడు. తరువాత క్యారెట్ పొడి అమ్మేవాడు, తేనె చుక్కలవాడు, ఏడు రోజుల్లో మీ కళ్ళజోడు విసిరిపారేస్తారని ప్రమాణం చేసేవాడు. తెర దిగి శేషగిరిరావును దాటుకుని నేరుగా వంటింట్లోకి వెళ్ళేవాళ్ళు. మహాలక్ష్మి వాళ్ళ సరుకు ఏదీ తీసుకోలేదు. అవతలి మనిషి తేనెలో నీళ్ళు కలిపాడో లేదో చూపుతోనే చెప్పగల కుటుంబంలో పుట్టింది ఆమె. కాఫీ ఇచ్చి పంపేసేది. కానీ ఒక సంగతి ఆమె మనసులో పడింది. వచ్చిన ప్రతివాడూ గట్టు చుట్టూ తిరిగి వెళ్ళి మరీ ఆమెకు కుడిపక్కన నిలబడుతున్నాడు. ఎడమపక్క బోలెడంత చోటున్నా ఒక్కడూ నిలబడలేదు.

శేషగిరిరావును కుట్టింది మరొకటి. తన ఇంటికి, తన కంప్యూటరులోంచి, తాను ఓకే అంటే వచ్చినవాళ్ళు తనకు నమస్కారం కూడా పెట్టడం లేదు. భద్రతాలోపం ఉందని అప్పుడు ఆయనకు అనిపించింది. రెండో శనివారం, ఆఫీసు సెలవు చూసుకుని, బజారులో కంప్యూటర్లు బాగుచేసే కమలేష్‌ను పిలిపించాడు.

కమలేష్ ఊరివాడే. ఇంట్లో హల్బీ, దుకాణంలో హిందీ, కాలనీలో తెలుగు మాట్లాడతాడు. లోపలికి వచ్చి గదిలో ఉన్న పదకొండు మందినీ, కాలర్లు పట్టుకున్న అయిదుగురినీ చూశాడు.

"ఏంది అంకుల్‌జీ, ఇది కంప్యూటరా, ధర్మశాలా?"

"అయిదంచెల రక్షణ ఉంది బాబూ. అయినా..."

"వీళ్ళా? అరే, వీళ్ళే దొంగలు. మీ కంప్యూటర్ ఖత్రాలో ఉందని ఎవడన్నా వచ్చి చెప్పాడంటే, వాడే ఖత్రా. ప్రమాదం వాడితోనే వస్తది." లాఠీవాణ్ణి భుజం పట్టి పక్కకు నెట్టి కుర్చీలో కూర్చున్నాడు. "కాపలాకి ఒకడు చాలు. అసలువాడు. వాడికి టైమ్‌కి అప్‌డేట్ పెట్టాలె. అయిదుగురుంటే వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటరు. ఈ గుడ్డ ఏంది?"

"వైరస్ రాకుండా."

కమలేష్ ఆ గుడ్డను పక్కకు జరిపాడు. పెద్దాయన కదా అని నవ్వలేదు. "అంకుల్‌జీ, వైరస్ దుమ్ములో రాదు. మీ వేలితో వస్తది. ఎవడేమడిగినా ఓకే ఓకే అని కొడితే ఎట్ల? ఉచితం అన్నది దించుకోవద్దు. తెలియని పెట్టె వస్తే మూసెయ్యాలె. పాస్‌వర్డ్ పాటలెక్క చదవొద్దు. ఈ పైన చిన్న కన్నుంది చూడండి, కెమెరా, దానికి పట్టీ అంటించండి. ఇప్పుడైతే మొత్తం తుడిచెయ్యాలె. ఫార్మాట్. రెండు గంటలు. బస్, ఒక్కడూ మిగలడు."

"ఫోటోలు?"

"తీసి పెడతా. పావుగంట."

వంటింట్లో మహాలక్ష్మికి ఈ మాటలు వినపడ్డాయి. స్టవ్ ఆపి, ఫ్రిజ్ దగ్గరికి వచ్చి, సన్నటి మనిషి ఎదురుగా నిలబడింది. వాడు వచ్చిన పదకొండు నెలల్లో ఆమె వాడితో మాట్లాడటం అదే మొదలు.

"ఏటి బాబూ, ఒకటడుగుతాను. వీళ్ళంతా నాకు కుడిపక్కనే ఎందుకు నిలబడతారు?"

వాడు పేజీలు తిప్పాడు. "ఎడమవైపు మీకు కనపడదు కదమ్మా."

"ఎవరన్నారు?"

"మే నెల నుంచి నలభై మూడు గ్లాసులు పడ్డాయి, అన్నీ ఎడమవైపువి. ద్వారబంధం తగిలింది రోజుకు రెండుసార్ల లెక్కన. సూదిలో దారం ఎక్కించడానికి గుమ్మంలోకి వెళతారు. కుడి కన్ను మూసి చూడండి."

ఆమె అరచేత్తో కుడి కన్ను మూసి ఫ్రిజ్ వైపు చూసింది. వంటిల్లు వెదురు గొట్టంలోంచి చూసినట్టు అయింది. నడుమ ఫ్రిజ్ పిడి, చుట్టూ ఏమీ లేదు. స్టూలు లేదు. దాని మీద మనిషి లేడు. గొంతు మాత్రం మాట్లాడుతూనే ఉంది.

"పోయిన వారం నుంచి కుడి కన్ను కూడా మొదలైంది. నిన్న ఉప్పు డబ్బా కుడిచేతి పక్కనే పెట్టుకుని మూడుసార్లు వెతికారు."

ఆమె చేయి దించింది. "ఇంతా రాసుకున్నావు. ఒక్కసారి నాతో చెప్పలేకపోయావా?"

"చెప్పడం నా పని కాదమ్మా. రాసి, అడిగినవాళ్ళకు అమ్ముతాను. కళ్ళజోళ్ళవాళ్ళు కొన్నారు, చుక్కలవాళ్ళు కొన్నారు." వాడు కొంచెం ముందుకు తిప్పి చూశాడు. "చేతికర్రలవాళ్ళు వచ్చే ఏడాదికని ఇప్పుడే కొనిపెట్టుకున్నారు."

"సిగ్గులేదురా నీకు?"

వాడు అది కూడా రాసుకున్నాడు.

కాలనీ ఆస్పత్రికి జగదల్‌పూర్ నుంచి కళ్ళ డాక్టరు నెలకొకసారి, రెండో శనివారం మాత్రమే వస్తుందని, ఒంటిగంటకు వెళ్ళిపోతుందని కాలనీలో అందరికీ తెలుసు. పదకొండున్నర అయింది. మహాలక్ష్మి బీరువాలోంచి మెడికల్ పుస్తకం తీసుకుని ముందుగదిలోకి వచ్చింది.

"ఏవండీ, నా కళ్ళు పాడవుతున్నాయట. ఇవాళే చూపించుకోవాలి. రండి."

శేషగిరిరావు తెర మీంచి చూపు తిప్పలేదు. "ఎవడన్నాడు?"

"స్టూలు మీదాయన."

"వాడి మాటా? వీళ్ళంతా దొంగలని ఇప్పుడే కదా ఈ అబ్బాయి తేల్చాడు! నిన్న బియ్యంలో రాళ్ళు ఏరావు. నీ కళ్ళకేం, దివ్యంగా ఉన్నాయి. వచ్చే నెల చూద్దాం. ఇక్కడ ఫార్మాట్ మొదలవుతోంది, మనిషి దగ్గరుండాలి."

"ఆంటీ, మీరు పోండి," అన్నాడు కమలేష్. "కంప్యూటర్ ఎక్కడికీ పోదు."

"మరి ఇతనికి టీ?" అన్నాడు శేషగిరిరావు.

"పొయ్యి అక్కడే ఉంది," అంది మహాలక్ష్మి. పెళ్ళైన ముప్పై ఏళ్ళలో ఆమె చెప్పులు వేసుకుని ముందుగదిలోంచి నడవడం అదే మొదటిసారి. కమలేష్ మీట నొక్కాడు. పొడివాడు, తేనెవాడు, మీసాలవాళ్ళు ఒక్కొక్కరే మాట మధ్యలోనే పలచబడిపోయారు. సన్నటి మనిషి అందరికన్నా చివర పోయాడు. పోయేముందు ఆమె వెళ్ళిన టైము రాసుకున్నాడు.

మెట్ల దగ్గర ఆమె మొదటిసారి తల పూర్తిగా ఎడమకు తిప్పి చూసుకుని దిగింది. ఎర్రదుమ్ము లేపుకుంటూ ఒక లారీ ఆ పక్కనుంచే పోయింది.

డాక్టరు మీనా ఆమె కళ్ళలో చుక్కలు వేసి, గడ్డం ఒక మిషనులో పెట్టించి, వెలిగే చుక్కలు లెక్కపెట్టించి, కాగితం మీద వచ్చిన నల్లటి మచ్చను పెన్నుతో చుట్టింది.

"నీటికాసులమ్మా, గ్లకోమా అంటారు. లోపల ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోంది. ఎడమ కంట్లో పోయిన చూపు పోయినట్టే, తిరిగి రాదు. కుడి కన్ను నిలబెట్టవచ్చు. ఈ మందు పొద్దునొక చుక్క, రాత్రొక చుక్క, జీవితాంతం. ఒక్కరోజు మానకూడదు."

"కుడి కన్ను ఉంటుందా?"

"ఇప్పుడొచ్చారు కాబట్టి ఉంటుంది. ఇంకో ఏడాది ఆగితే నేనేమీ చేయలేకపోయేదాన్ని. దీనికి నొప్పి ఉండదు, మనిషికి తెలియదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు గోడ పట్టుకుని వస్తారు." డాక్టరు ఫారం దగ్గరికి లాక్కుంది. "ఇంత తొందరగా పట్టుకోవాలంటే ఇంట్లో ఎవరో మిమ్మల్ని రోజూ బాగా కనిపెట్టి చూస్తూ ఉండాలి. మీవారేనా?"

"కాదమ్మా," అంది మహాలక్ష్మి. "మా ఇంట్లో ఒక దొంగ ఉండేవాడు. వాడు."

డాక్టరు తలెత్తలేదు. ఆ ఫారంలో "మొదట గమనించినవారు" అని ఒక గడి ఉంది. అందులో "దొంగ" అని రాసి, ముద్ర వేసి, తరువాతి మనిషిని పిలిచింది.