తిట్టు దొరకని చైర్మన్

తిరుపతిలో గంగజాతర వచ్చిందంటే ఆ వారం మర్యాదలన్నీ అటకెక్కాల్సిందే. ఒంటినిండా తెల్లనామం పూసుకుని చేత వేపమండ పట్టిన ప్రతివాడికీ, ఎదురొచ్చినవాణ్ణి నోరారా తిట్టే హక్కు ఉంటుంది. కలెక్టరైనా, కూలివాడైనా నవ్వుతూ పడాల్సిందే. అమ్మవారి పేరిట తిట్టు పడితే ఏడాది దిష్టి అంతా పోతుందని జనం నమ్మకం.

అలాంటిది, మునిశేఖర్‌ను ఈసారి పొద్దున్నుంచీ ఒక్కడూ తిట్టలేదు.

తప్పు అతనిదే లెండి. మార్కెట్ యార్డు చైర్మన్ పదవి వచ్చాక ఇది తొలి జాతర. పెద్ద నాయకులు ఇంటికి భోజనానికొస్తున్నారు, బూతులు వినబడితే బాగుండదని వేషాల కుర్రాళ్ళను ముందే పిలిపించి, తన జోలికి రావద్దని గట్టిగా చెప్పించాడు. భోజనాలు దివ్యంగా జరిగాయి. నాయకులు భుజం తట్టి వెళ్ళారు. అప్పుడు తల్లి మునిరత్నమ్మ, ఎవరైనా తిట్టారా అని అడిగింది. లేదన్నాడు. ఆమె ముఖం మాడిపోయింది. వీధిలో కుక్కక్కూడా తిట్టు దక్కింది, నా కొడుక్కే గతిలేకపోయిందే అని గొణుక్కుంది.

ఇదేమంత పనా అనుకున్నాడు మునిశేఖర్. పదవే తెచ్చుకున్నవాడికి ఒక తిట్టు తెచ్చుకోవడం లెక్కా? ఇస్త్రీ చొక్కా సర్దుకుని ధీమాగా వీధిలోకి దిగాడు. వేషగాళ్ళు ఎదురొచ్చారు. అప్పటిదాకా ఎవరి వంశాన్నో ఉతికి ఆరేస్తున్న నోళ్ళు టక్కున మూతపడ్డాయి. దండాలు పెట్టి పక్కకు తప్పుకున్నారు. కావాలనే ఒకడి కాలు తొక్కాడు. వాడే సారీ చెప్పి పోయాడు. ఛీ, మీ మర్యాద మండ అనుకున్నాడు.

చివరికి ఓబయ్య కనబడ్డాడు. చిన్ననాటి జతగాడు, ఆటో నడుపుతాడు. జాతరలో అతని నోటికి ఎదురులేదు. ఏటా అతని మొదటి తిట్టు మునిశేఖర్‌కే. అలాంటి ఓబయ్య కూడా చేతులు జోడించాడు.

"నన్ను తిట్టు ఓబయ్యా."

"తిట్టేది మావోళ్ళని సార్. మిమ్మల్ని యాడ తిట్టేది?"

ఆ 'సార్' అన్న మాట మునిశేఖర్‌కు ఎక్కడో కలుక్కుమంది. కానీ ఓడిపోయి ఇంటికెళ్ళే రకమా అతను? చొక్కా విప్పి గోడ మీద పారేశాడు. ఓబయ్య చేతిలోని నామం గిన్నె లాక్కుని ఎదురురొమ్ముకు, ముఖానికి దిట్టంగా పూసుకున్నాడు. వేపమండ ఎత్తిపట్టి వీధి మధ్యలో నిలబడ్డాడు.

"యాడుండాడ్రా ఆ చైర్మన్ నాయాలు? గంగమ్మ జాతరకే తాళమేసినాడంట, సన్నాసి."

జనం బిత్తరపోయారు. ఆపైన పగలబడి నవ్వారు. కుర్రాళ్ళకు ధైర్యమొచ్చి అతణ్ణి తలా ఒక తిట్టు తిట్టారు. మునిశేఖర్ పొంగిపోయాడు. చూశారా, అనుకుంటే సాధిస్తాను అనుకున్నాడు. ఓబయ్య ఒక్కడే నవ్వలేదు. దగ్గరికొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"మాయమ్మ సచ్చిపోతే మనిషితో దండ పంపించినావు కదరా, దున్నపోతా. ఆయమ్మ పెట్టిన సంగటి తిని పెరిగినోడివి. నాలుగడుగులేసి వచ్చేదానికి కాళ్ళు పడిపోయినాయా నీకు?"

నవ్వులు ఆగిపోయాయి. ఓబయ్య తల్లి తాయమ్మ పోయి మూడు నెలలైంది. ఆ రోజు మునిశేఖర్ విజయవాడలో మీటింగులో ఉన్నాడు. తిరిగొచ్చాక వెళ్దామనుకున్నాడు. సన్మానాలు, ప్రారంభోత్సవాలు, రేపు, ఎల్లుండి అంటూ ఇవాళ్టిదాకా ఆ గడప తొక్కలేదు. కళ్ళనీళ్ళు కారి ముఖాన నామమంతా చారలు కట్టింది. సిగ్గుతో తల వాలిపోయింది. అయినా, ఓబయ్య నోట 'రా' అన్న మాట మళ్ళీ విన్నందుకు ప్రాణం లేచొచ్చింది.

"తిట్టబ్బా, ఆపొద్దు," అన్నాడు. "తిట్టుకుంటానే మీ యింటికి నడువు. నేనూ వస్తా."

ఓబయ్య తిడుతూనే ముందు నడిచాడు.