కుళాయి దగ్గర అడిగే ప్రశ్న

భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆమె కాలరు కాల్చబోయింది.

"ధ్యాస ఎక్కడుంది?" అన్నాడతను. "అక్కడికెళ్ళి గుర్తులేదను. ఆ ఒక్క మాటకి నోరేం అరిగిపోదు. పెద్ద డాక్టరుగారు చూసుకుంటానన్నారుగా."

"ఆడదానికి మరుపు కూడా వరమే" అంది అత్తగారు, కూరగాయల పళ్ళెం ఆమె ముందుకు జరుపుతూ. మూడు పూటలా వండాలన్నది మాత్రం ఆవిడ కోడలిని ఏనాడూ మర్చిపోనివ్వలేదు.

ఆమె ఆపరేషన్ థియేటర్లో నర్సు. ఎడమ మోకాలి నొప్పితో చేరిన ఓ పెద్దావిడకు అక్కడ కుడి మోకాలు కోసేశారు. ఇవాళ దాని మీద విచారణ.

కత్తి పెట్టేముందు అందరూ ఒక్క క్షణం ఆగి, రోగి ఎవరు, ఏ వైపు అని పైకి చెప్పుకోవాలి. గోడ మీద రాసే ఉంది. ఆపరేషన్ బల్ల దగ్గర అలా అడిగితే పెద్ద డాక్టరుకు తల కొట్టేసినట్టుంటుంది. "నాకు పాఠాలు చెప్తావా?" అంటూ ఓసారి ఒక నర్సు మీదకు ట్రే విసిరాడు. అప్పటినుంచి ఆయన కుళాయి కింద చేతులు కడుక్కుంటుంటే వెనక నిలబడి అడగడం, తల ఊగితే సరేననుకోవడం నర్సులందరికీ అలవాటైపోయింది. ఆమెకిది కొత్తేమీ కాదు. పుట్టింటికి వెళ్ళాలన్నా భర్త బూట్లు తొడుక్కునే వేళ చూసే అడిగేది.

ఆ రోజూ "ఏ వైపో చూసుకున్నారా అండీ?" అని అడిగింది. తల ఊగింది. ఊగింది తన మాటకో, ఎవరో ఆయన చెవి దగ్గర పట్టుకున్న ఫోనుకో. పనిముట్లు సర్దుకుని తిరిగేసరికి గుడ్డలు కప్పేశారు, కుడి మోకాలు పైకి కనబడుతోంది. అనుమానం వచ్చింది. ఆయన తల ఊపాడుగా, చూసుకునే ఉంటాడనుకుని ఊరుకుంది. ఇప్పుడు నిజం చెబితే ముందు పోయేది తన ఉద్యోగమే.

విచారణ గది బయట ఆ పెద్దావిడ చక్రాల కుర్చీలో ఉంది. లోపలికి వెళ్ళబోతున్న నర్సు చెయ్యి పట్టుకుంది.

"నేనే తప్పు చెప్పానేమో అమ్మాయ్. నీకెప్పుడూ కుడీ ఎడమా తెలీదని మా ఆయన ఒకటే తిడుతున్నాడు."

ఆమె తన చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్ళింది.

"ఏ వైపో అడిగారా?" అన్నాడు అధికారి.

"కంగారు పడకమ్మా, గుర్తులేకపోతే లేదని చెప్పు" అన్నాడు పెద్ద డాక్టరు. ఇన్నేళ్ళలో ఆయన ఆమెను అమ్మా అనడం అదే మొదటిసారి. దానికి మరింత హడలిపోయింది.

"అడిగానండి. ఆయన వీపుని అడిగాను. మొహం చూసి అడిగే ధైర్యం మాలో ఎవ్వరికీ లేదు. తప్పు కాలు పైకి కనబడినా నోరెత్తలేదు, అది నా తప్పే." ఊపిరి తీసుకుంది. "బయటున్న పెద్దావిడ మాత్రం ఎడమ అని సరిగ్గానే చెప్పింది. ఈ మాట వాళ్ళాయన్ని పిలిచి, ఆయన ముందు చెప్పనివ్వండి."