మొగం చూపించొద్దని చెప్పినా

పొద్దున్నే ట్రాక్టరు పెట్టి యానాదుల కాలనీలో చెంచులక్ష్మి గుడిసెను కూల్చేశారు. అల్లూరు నుంచి ఫరీన్ వచ్చేసరికి ఆమె తాటాకుల కింద నుంచి బియ్యం డబ్బా లాగుతోంది.

“నా మొగం చూపించొద్దని చెప్పినానా, లేదా?” అంది తలెత్తకుండా.

చెప్పింది. ఆ మాటను ఇంగ్లీషులో క్లారాకు వినిపించింది ఫరీనే. జర్మనీలో మానవ హక్కుల మీద ఎమ్మే చదువుతున్న క్లారా ఓ సంస్థ తరఫున స్వచ్ఛందంగా పనిచేయడానికి వచ్చింది. లా చదివిన ఫరీన్ ఆమె మాటలు తెలుగులో చెప్పేది. రొయ్యల గుంటల యజమాని రమణయ్య ఏటికి పోయే దారికి కంచె వేశాడు. చేపలకు పోయిన చెంచులక్ష్మి మొగుడు పెంచలకృష్ణను అతని మనుషులు వాతలు తేలేలా కొట్టారు. ఆ సంగతి ఆమె చెబుతుంటే క్లారా వీడియో తీసింది. నిన్న అది సంస్థ పేజీలో వచ్చింది, ముఖంతో సహా. తెల్లారేసరికి రమణయ్య మనుషులు ట్రాక్టరుతో దిగారు.

క్లారా పరుగున వచ్చింది. “ముఖం కనపడనివ్వద్దని రాశాను. ఆఫీసువాళ్లు చూసుకోలేదు. ఇప్పుడు తీసేశారు. నన్ను చెన్నై వచ్చేయమంటున్నారు. పోలీసుల దగ్గరికి వెళ్తే వీసా చిక్కొస్తుందట.”

ఫరీన్ ఒక్క మాటా మెత్తబరచకుండా తెలుగులో చెప్పింది.

చెంచులక్ష్మి లేచి నిలబడింది. “ఆయమ్మ పోయేదానికి చెన్నై ఉండాది. నేను యాడికి పోవాల? అడుగమ్మే!”

ఫరీన్ అడగలేదు. ఆమెకూ ఒళ్లు మండిపోతోంది. “వాతలు కళ్లారా చూశావు. వీడియో తీశావు. స్టేషనుకొచ్చి ఆ మాట చెప్పు. చెప్పలేకపోతే ఇంకెప్పుడూ హక్కులనే మాట ఎత్తకు,” అంది క్లారాతో.

క్లారా ఫోను మోగుతోంది. ఆమె దాన్ని ఆపేసి ఆటో ఎక్కింది.

స్టేషనులో ఎస్సై రేపు రమ్మన్నాడు. “ఎస్టీల మీద దాడి సార్ ఇది. ఫిర్యాదు తీసుకోకపోతే అదీ నేరమే. రాసుకునేదాకా కదలం,” అంది ఫరీన్. పెంచలకృష్ణ చొక్కా విప్పి వీపు చూపించాడు. క్లారా తాను చూసిందంతా చెప్పింది. మధ్యాహ్నం దాటాక కేసు రాశారు.

రమణయ్య మనుషులిద్దరు అరెస్టయ్యారు. అతను మాత్రం ముందస్తు బెయిలు తెచ్చుకున్నాడు. కంచె అలాగే ఉంది. మాట వినలేదని సంస్థ క్లారాను వెనక్కి పంపేసింది.

వెళ్లేముందు ఆమె కాలనీకి వచ్చి, వచ్చీరాని తెలుగులో, “క్షమించండి అక్కా,” అంది.

చెంచులక్ష్మి పాతిన గుంజ చుట్టూ మన్ను తొక్కుతోంది. “స్టేషనుకొచ్చి మంచిపనే చేసినావు. అది నువ్వు చెయ్యాల్సిందే. దానికి నేను దండం పెట్టను,” అంది. “క్షమించేది ఇప్పుడు నా వల్ల కాదు. పో.”

ఫరీన్ ఆ మాటలు ఉన్నవున్నట్టు ఇంగ్లీషులో చెప్పి, చున్నీ నడుముకు బిగించి రెండో గుంజ ఎత్తింది.