కుడివైపు అంగుళం తక్కువ

బావ భారీ మనిషి. ఎవరి మీదా భారం వేయకుండా బతికాడని అందరూ మెచ్చుకున్నారు గానీ, ఆ భారమంతా ఇరవై ఏళ్ళూ తన పికప్ బండి డ్రైవరు సీటు మీద వేశాడన్న సంగతి మెకానిక్ బావమరిదికి మాత్రమే తెలుసు. బావ పోయి నెల దాటింది. బండి ముక్కు మాత్రం ఇంకా నేలకు వంగే ఉంది, కుడివైపు మరీను.

"రేపట్నుంచి పాలక్యాన్లు నేనే తోలుకెళ్ళాలిరా," అంది అక్క, షెడ్డు గుమ్మంలో నిలబడి. "ఆ గతుకుల్లో బండి అడుగు తగిలి ఆగిందంటే డెయిరీవాళ్ళు నా రూటు ఇంకొకరికిచ్చేస్తారు. ఇక నా పాలిట పాలూ ఉండవు, పాలుపంచుకునేవాళ్ళూ ఉండరు."

"లేపుతాలే అక్కా. పడుకున్న బండిని లేపడమేగా నా పని! పడుకున్న మనుషుల్నే..." అని నాలిక కరుచుకున్నాడు.

పాతకాలం బండి. ముందు చక్రాల బరువు మోసేది స్ప్రింగులు కాదు, అడుగున చెరో పక్కా మెలిపడే ఇనప కడ్డీలు. కడ్డీ చివర బోల్టు బిగించిన కొద్దీ బండి ముందుభాగం లేస్తుంది. జాకీ ఎత్తి, స్టాండు వేసి, రెండువైపులా సమంగా బిగించి దించాడు. బంపరు పట్టుకుని నాలుగు ఊపులు ఊపి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచుదాకా టేపు పట్టాడు. కుడివైపు అంగుళం తక్కువ.

మళ్ళీ ఎత్తి, కుడి బోల్టు రెండు చుట్లు బిగించి దించాడు. అంగుళం తక్కువ. మరో రెండు. అదే అంగుళం.

"ఈ అంగుళం అంగుళమైనా కదలదే!" అని నవ్వబోయాడు. ఖాళీ సీటు కిర్రుమంది, ఎవరో పొట్ట సర్దుకుని కూర్చున్నట్టు.

బతికున్న రోజుల్లో, కొలత తీసే ప్రతిసారీ బావ వచ్చి ఎక్కి కూర్చునేవాడు. "బామ్మర్దీ, బండి మోయాల్సింది నన్ను, నీ టేపుని కాదు!"

మెకానిక్ పానా కింద పెట్టేశాడు. "అక్కా, ఇది నా వల్ల కాదు. బండి ఖాళీగా లేదు."

అక్క టేపు వంక చూసింది, సీటు వంక చూసింది. ఏడవలేదు. వెళ్ళి డ్రైవరు తలుపు తీసింది.

"ఏవండీ, ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని 'మెల్లగా, మెల్లగా' అని నేనన్నాను. ఇకమీదట మీరనండి. కాస్త అటు జరగండి."

పొడుగాటి సీటు ఈ చివర నుంచి ఆ చివరదాకా కిర్రుమంది. కుడివైపు బండి ఒళ్ళు విరుచుకున్నట్టు లేచింది. ఎడమవైపు నింపాదిగా, బరువుగా దిగింది.

అక్క ఎక్కి కూర్చుని, కాళ్ళందేలా సీటు ముందుకు లాక్కుంది. లాగడానికి చాలా బలం కావాల్సొచ్చింది.

"చూడరా, ఇప్పుడెంతుందో."

మెకానిక్ టేపు ముట్టలేదు. జాకీ మళ్ళీ పెట్టి, కిందికి దూరి, కుడివైపు అదనంగా బిగించిన నాలుగు చుట్లూ విప్పాడు. ఆ నాలుగూ ఎడమవైపు బిగించాడు.