పక్కింటి మీటరు

ఆ మూడంతస్తుల మేడలో అందరూ ఆయన్ని సైన్సు మాస్టారు అనేవారు. ఆయన వినని చోట మాత్రం స్విచ్చుల మాస్టారు. మేడ మీద సోలార్ పలకలు పెట్టించుకుందామని ఇల్లిల్లూ తిరిగి, కాళ్లావేళ్లా పడి అందరినీ ఒప్పించింది ఆయనే. పలకలు పట్టే చోటు తక్కువ కాబట్టి, అవి వచ్చేలోగా ప్రతి ఇల్లూ వాడకం తగ్గించుకోవాలని పట్టుబట్టిందీ ఆయనే.

ముందు తన ఇంట్లో మొదలుపెట్టారు. గదిలోంచి మనిషి బయటికి అడుగు పెట్టగానే వెనకాల టక్కుమని స్విచ్చు ఆపేసేవారు. "ఎవరి కోసం తిరుగుతోందీ ఫ్యాను? గోడలకి చెమట పడుతోందా?" అనేవారు. కూతురు ఫ్రిజ్ తలుపు తీసి నిలబడితే, "ఆలోచించుకుని తీయాలమ్మా, తీసి ఆలోచించకూడదు" అనేవారు. ఎప్పుడూ కోప్పడలేదు. కోప్పడితే ఇంట్లోవాళ్లు ఎదురు చెప్పేవారేమో. ఎగతాళికి ఏం చెబుతారు?

మెట్ల కింద వరసగా ఉన్న మీటర్లలో తమ ఇంటి అంకెలు నత్తనడక నడుస్తుంటే మాస్టారికి కడుపు నిండినట్టుండేది. పక్కింటి నర్సమ్మ మీటరు మాత్రం పరుగులు తీస్తోంది. ఆవిడ ఆస్పత్రి ఉద్యోగం మానేసి ఒంటరిగా ఉంటోంది. ఒక్క మనిషికి ఇంత కరెంటా అని ఆయనకి ఆశ్చర్యం, ఆ వెనకే చిరాకు.

ఆదివారం పొద్దున అందరూ మేడ మీద సమావేశమయ్యారు. మాస్టారు నిలబడి తన ఇంటి పొదుపు గురించి చెప్పారు. నలుగురున్న ఇల్లు ఎంత తక్కువతో నడుస్తోందో వివరించారు. తర్వాత నర్సమ్మ వైపు తిరిగారు.

"ఏమండీ నర్సమ్మగారూ, మీటరు అలా పరిగెడుతోంది, ఇంట్లో ఆస్పత్రిగానీ నడుపుతున్నారా?"

అందరూ గొల్లున నవ్వారు. నర్సమ్మ ఆయన్ని చూడలేదు, ఆయన భార్యని చూసింది. భార్య తల దించుకుంది.

"తగ్గిస్తానండీ" అంది నర్సమ్మ.

"ఎలా తగ్గిస్తారో కూడా చెప్పండి. మిగతావాళ్లూ నేర్చుకుంటారు."

నీళ్ల ట్యాంకు నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్న మాస్టారి తండ్రి, కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచారు.

"నన్ను రావద్దని చెప్తే తగ్గుతుందిరా."

మాస్టారికి అర్థం కాలేదు. పెద్దాయన ఊపిరి తీసుకుంటూ చెప్పారు. "భోజనం అవగానే నేను వెళ్లేది పార్కుకి కాదు, ఆవిడింటికి. ఆయాసం వస్తే ఆవిరి మిషను పెడుతుంది. ఫ్యాను కింద పడుకుంటాను. నీ కూతురు సాయంత్రం చదువుకునేదీ అక్కడే. దీపాలు వేసుకోవచ్చని."

"ఇస్త్రీ నేనూ అక్కడే చేస్తున్నానండీ" అంది భార్య, వినీ వినపడకుండా. "మీరు వేసుకున్న ఆ చొక్కా కూడా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరో దగ్గారు. మాస్టారు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నారు, వెంటనే ఒంటికి నిప్పు తగిలినట్టు వదిలేశారు.

ఇంటికొచ్చాక తండ్రి ఎదుట నిలబడి, "మిషను కొనిచ్చింది నేనే కదా నాన్నా. మనింట్లోనే పెట్టుకోవచ్చుగా" అన్నారు.

"మొదటిసారి పెట్టుకున్నప్పుడు, నాన్న పీల్చే ఆవిరి కంటే ఈ మిషను తాగే కరెంటే ఎక్కువ అన్నావు. సరదాకే అన్నావులే."

మాస్టారు అలమరా వైపు చూశారు. మిషను ఉండాల్సిన అరలో పాత చెంబులున్నాయి. దాన్ని ఎప్పుడు తీసుకెళ్లారో ఆయనకి తెలియదు. ఎవరు ఏ గదిలో దీపం ఆర్పలేదో చెప్పగల మనిషి, తండ్రికి ఊపిరాడించే పెట్టె ఇంట్లో లేదని చూసుకోలేదు. ఆ పూట అన్నం సయించలేదు.

సాయంత్రం వెళ్లి నర్సమ్మ ఇంటి తలుపు తట్టారు. ఆవిడ మిషను గుడ్డలో చుట్టి చేతికిచ్చింది. ఆయన తప్పయిందని అనబోతే అడ్డుకుంది.

"నాకు చెప్పకండి మాస్టారూ. నలుగురిలో నవ్వించారు, నలుగురిలోనే చెప్పండి."

ఆ వారమంతా ఆయన మెట్ల మీద ఎవరైనా ఎదురైతే గోడ పక్కకి తప్పుకున్నారు. బళ్లో కరెంటు పొదుపు పాఠం వస్తే పుస్తకంలో ఉన్నది చదివేసి ఊరుకున్నారు. మళ్లీ ఆదివారం మేడ మీద నిలబడ్డారు.

"మా ఇంట్లో పొదుపేం జరగలేదు" అన్నారు. "మా వాడకం పక్కింటికి వెళ్లింది, అంతే. వెళ్లగొట్టింది నేను. పైగా ఆవిడ్ని నిలదీశాను. తప్పయిపోయింది నర్సమ్మగారూ."

నర్సమ్మ కొంగు తల మీద కప్పుకుంది. తర్వాత, "సరే, పలకలు ఎప్పుడొస్తాయో చెప్పండి. ఎండలు మండిపోతున్నాయి" అంది. నవ్వలేదు గానీ, అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

పలకలు వచ్చాయి. పెద్దాయన్ని ఎవరూ ఏమీ అనకూడదని మాస్టారే ఇంట్లో చెప్పారు. ఒకనాడు బడి ముందే వదిలేస్తే మధ్యాహ్నమే ఇంటికొచ్చారు. మెట్లెక్కుతుంటే కిటికీలోంచి ఫ్యాను చప్పుడు వినిపించి మనసు కుదుటపడింది. ఇంకో రెండడుగులు వేశారో లేదో, టక్కుమని ఆగిపోయింది.

లోపలికి వెళితే తండ్రి స్విచ్చు దగ్గర గోడ పట్టుకుని ఆయాసపడుతున్నారు. "ఇప్పుడే వేశానురా, ఇప్పుడే" అన్నారు, దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా.

మాస్టారు తండ్రిని నడిపించుకెళ్లి మంచం మీద పడుకోబెట్టి, ఫ్యాను వేసి, మంచం కోడు దగ్గర తల దించుకుని కూర్చున్నారు. పెద్దాయన కళ్లు మూసుకోలేదు. కొడుకు ఏమైనా అంటాడేమోనని చాలాసేపు చూశారు. ఏమీ అనకపోయేసరికి గోడ వైపు కాస్త జరిగారు.

"పైన కూర్చోరా" అన్నారు. "కిందికి గాలి రాదు."