ఇమ్‌హోఫ్ గారి మంగళవారం

"రైను నది ఎందులో కలుస్తుంది?"

"ఉత్తర సముద్రంలో."

"రోను?"

"మధ్యధరా సముద్రంలో."

"ఇన్?"

బంగాళాదుంప చెక్కుతున్న మిర్వెతె చేయి ఒక్క క్షణం ఆగింది. "డాన్యూబులో. అది నల్లసముద్రంలోకి పోతుంది. టిచీనో అడగబోతున్నావుగా, అది పో నదిలోకి."

సోఫాలో వెల్లకిలా పడుకుని ఉన్న రెజెప్ నవ్వాడు. "ఇక్కడ పుట్టిన నీళ్లన్నీ బయటికే పోతున్నాయన్నమాట. లోపలికి రావాలని చూసేది మనమొక్కళ్లమే."

"నువ్వు ఊరుకో నాన్నా, అమ్మ మర్చిపోతుంది," అని అర్బెనీత విసుక్కుంది.

ఓబర్‌మాట్ గ్రామ సంఘం మిర్వెతెను ప్రశ్నలడగడానికి మర్నాడు సాయంత్రమే రమ్మంది. ఈ దేశంలో పౌరసత్వం ఇవ్వాలా వద్దా అని ముందు తేల్చేది రాజధాని కాదు, ఉంటున్న ఊరే. కొసోవో నుంచి ఆమె ఈ ఊరికి పెళ్లికూతురిగా వచ్చింది. అప్పటి నుంచీ వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయిస్తోంది. రెజెప్ ఇళ్లు కట్టే పనిలో పరంజా మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాక ఆమె జీతమే ఆధారమైంది. అతనికి వచ్చే బీమా భత్యం వేసవితో ఆగిపోతుంది. ఆ తర్వాత ఊరి సహాయం అడగక తప్పదు. సహాయం తీసుకునేవాళ్లకు పౌరసత్వం ఇవ్వరు. చాలాకాలం తీసుకుంటే ఉండనిచ్చే అనుమతే రద్దు కావచ్చు. అందుకని ఆ లోపలే తనకూ, తనతోపాటు కూతురికీ ఈ దేశపు ఎర్ర పాస్‌పోర్టు రావాలి. అర్బెనీత పళ్ల డాక్టరు దగ్గర పని నేర్చుకుంటోంది. కొసోవో ఆ పిల్లకు సెలవుల్లో చూసొచ్చే చోటు, అంతే.

మిర్వెతెకు చదువు గురించి బెంగ లేదు. కాంటన్లన్నీ, అంటే ఈ దేశపు రాష్ట్రాలన్నీ, గిన్నెలు తోముతూ వల్లించింది. ఎదురు వాటాలో ఒంటరిగా ఉండే ముసలావిడ ఇమ్‌హోఫ్ గారి గురించి ఆమెకు అసలు ఆలోచనే రాలేదు.

ఇద్దరూ ఉండే మేడలోని నాలుగు కాపురాలకూ నేలమాళిగలో ఒకటే ఉతుకుగది. ఇమ్‌హోఫ్ గారిది మంగళవారం, మిర్వెతెది బుధవారం. ఎవరి వంతు అయ్యాక వాళ్లు నేల తుడిచి, తాళంచెవిని తర్వాతి వాళ్ల తలుపుకి తగిలించాలి. ఎవరి రోజు వాళ్లదే. ఇంకొకరి రోజున ఆ గదిలోకి వెళ్లడమంటే వాళ్ల పడగ్గదిలోకి వెళ్లినట్టే.

చలికాలంలో ఒక మంగళవారం సాయంత్రం తాళంచెవి రాలేదు. మిర్వెతె కిందికి వెళ్లి చూస్తే గది తెరిచే ఉంది. మెషీన్‌లో ఇమ్‌హోఫ్ గారి ఉన్ని స్వెటరూ, లోపలి బట్టలూ సబ్బు లేకుండా తడిసి పడి ఉన్నాయి. వాటి వాసన మిర్వెతెకు ఆశ్రమంలో రోజూ తెలిసిందే. అడిగితే ఆవిడ సిగ్గుతో చచ్చిపోతుందనిపించింది. "నన్ను ఆ ఆశ్రమంలో పడేసే బదులు సరస్సులో పడేస్తే పుణ్యం," అని ఇమ్‌హోఫ్ గారు మెట్ల మీద ఎప్పుడూ అనేది. మిర్వెతె ఆ బట్టలు మళ్లీ ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి, బుట్టను ఆవిడ గుమ్మంలో ఉంచి వచ్చింది. ఆ తర్వాత ప్రతి మంగళవారం అదే పని. ఇమ్‌హోఫ్ గారు ఎదురుపడితే "గ్రూయెత్సి" అని పలకరించేది, బుట్ట సంగతి ఎత్తేది కాదు. తమ ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం ఉందనే మిర్వెతె అనుకుంది. కొసోవోలో వాళ్ల ఊళ్లో అయితే పక్కింటి ముసలమ్మకు చెప్పకుండా చేసే పనికి మించిన మంచితనం లేదు.

గ్రామ కార్యాలయంలో పొడవాటి బల్లకు అటువైపు ఐదుగురు కూర్చున్నారు. అధ్యక్షుడు గిస్లర్ ఇన్సూరెన్సు ఏజెంటు, పలకరింపులో తియ్యదనం ఎక్కువ. పక్కనే అర్బెనీతకు చిన్నప్పుడు చదువు చెప్పిన బ్రునర్ టీచరు.

"మన దేశంలో జనం ఎక్కువగా ఎక్కడుంటారు?"

"యూరా కొండలకీ ఆల్ప్స్‌కీ నడుమ ఉన్న మైదానంలోనండీ. బొమ్మల్లో మాత్రం కొండలే కనిపిస్తాయి."

"ప్రభుత్వానికి పెద్ద ఎవరు?"

"ఎవరూ కారండీ. ఏడుగురు మంత్రులూ సమానమే. ఏడాదికి ఒకరు అధ్యక్ష పీఠం ఎక్కుతారు, మళ్లీ దిగుతారు. చట్టం నచ్చకపోతే జనం సంతకాలు పోగుచేసి ఓటింగు పెట్టించొచ్చు."

"దేశం దేని మీద బతుకుతోంది?"

"మందులు, యంత్రాలు, గడియారాలు, బ్యాంకులు."

"చాక్లెట్టు అనలేదే. అందరూ ముందు అదే అంటారు," అన్నాడు గిస్లర్. అందరూ నవ్వారు. మిర్వెతె కూడా నవ్వింది. అయిపోయిందనుకుని బ్యాగు దగ్గరికి లాక్కుంది.

"ఒక చిన్న విషయం," అన్నాడు గిస్లర్. "ఇరుగుపొరుగును అడగడం మా పద్ధతి. మీరు తన రోజున ఉతుకుగదిలోకి వస్తున్నారనీ, తన బట్టలు ముట్టుకుంటున్నారనీ ఇమ్‌హోఫ్ గారు చెప్పారు. దాని గురించి మీరేమైనా అంటారా?"

మిర్వెతె బ్యాగు వదిలేసి నిటారుగా కూర్చుంది. ముట్టుకోవడమంటే దొంగతనమనే కదా. ఊరిపెద్దల ముందు దొంగ అనిపించుకుని, ఆ మాట తుడిచేసుకోకుండా ఇంటికి పోతే రెజెప్‌కి ముఖం ఎలా చూపించాలి?

"నేను ఏదీ తీయలేదండీ. ఆవిడ సబ్బు వేయడం మర్చిపోతున్నారు. బట్టల్లోనే అయిపోతోంది ఆవిడకి. ఒంటేలూ, రెండోదీ కూడా. నేను మళ్లీ ఉతికి పెడుతున్నాను. చలికాలం నుంచీ చేస్తున్నాను. కావాలంటే ఆ స్వెటరు చూడండి, మొదటిసారి ఆవిడే ఉడకేసి కుదించేశారు."

బ్రునర్ టీచరు కళ్లజోడు తీసి తుడవసాగింది. చివర కూర్చున్నాయన కిటికీవైపు తిరిగాడు.

"ఇమ్‌హోఫ్ గారు ఈ గదిలో లేరు," అన్నాడు గిస్లర్ మెల్లగా.

"అందుకే నేను చెబుతున్నాను."

"ఆవిడ లేనప్పుడు ఆవిడ గురించి ఇలాంటివి వినడం మాకు బాగుండదు. చాలు, మీరు వెళ్లొచ్చు."

జవాబు వారంలోనే వచ్చింది. పొరుగువారి ఆంతరంగిక విషయాలను గౌరవించే అలవాటు ఆమెకు ఇంకా రాలేదట, రెండేళ్లు ఆగి మళ్లీ అడగవచ్చట. రెజెప్ చదివించుకుని విని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. "రెండేళ్లకి మనం సరిహద్దుకి ఏ పక్కన ఉంటామో," అని మాత్రం అన్నాడు.

కొట్లో పాలు తీసుకుంటుంటే బ్రునర్ టీచరు కనిపించి, చుట్టూ చూసి దగ్గరికి వచ్చింది.

"ఒక్క మాటండీ. 'పొరపాటైంది, ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను' అని ఉంటే సరిపోయేది. ఆ మాట అంటారనే అడిగాం. మిగతావన్నీ మీరు మా పిల్లలకంటే బాగా చెప్పారు."

"చెయ్యని తప్పుకి మన్నించమనాలా?"

"అలా అనడం ఇక్కడ తప్పు ఒప్పుకోవడం కాదు," అంది టీచరు. పాల డబ్బా ఒకటి తీసుకుని వెళ్లిపోయింది.

గదిలో అన్న మాట గదిలో ఉండలేదు. ఇమ్‌హోఫ్ గారి మేనకోడలు బెర్న్ నుంచి కారులో వచ్చి, మంచం దుప్పట్లు ఎత్తి చూసి, రెండు పెట్టెలు సర్దింది. ఇమ్‌హోఫ్ గారు మెట్లు దిగుతూ ఎవరివైపూ చూడలేదు. ఆ ఇంట్లోకి కొత్త జంట దిగింది. ఆకులు రాలే వేళకి రెజెప్ నడుముకు పట్టీ కట్టుకుని, సహాయం అడగడానికి గిస్లర్ ఉండే కార్యాలయానికే వెళ్లాడు.

ఆశ్రమంలో ఇమ్‌హోఫ్ గారిని చేర్చిన అంతస్తు తనకు వద్దని మిర్వెతె పర్యవేక్షకురాలిని బతిమాలింది. మనుషులు చాలడం లేదని ఆవిడ ఒప్పుకోలేదు. సోమవారం పొద్దున స్నానాల గదిలో, చక్రాల కుర్చీలో ఇమ్‌హోఫ్ గారు కూర్చుని ఉంది. బాగా తెలివిలో ఉన్న పూట అది.

"చెప్పింది మీరేనా?" అని అడిగింది ఇమ్‌హోఫ్ గారు.

"అవునండీ."

"ఎంతమందికి?"

"ఐదుగురికి."

ఇమ్‌హోఫ్ గారు తల ఊపింది, ఐదుగురినీ పేరుపేరునా గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"మరి ఇచ్చారా మీకు, పౌరసత్వం?"

"ఇవ్వలేదండీ."

"అయితే ఎందుకు చెప్పారు?"

మిర్వెతె కుళాయి తిప్పి, నీళ్ల వేడి మోచేత్తో చూసింది. ఇమ్‌హోఫ్ గారు గోడవైపు చూస్తూ, చొక్కా తీయడానికి వీలుగా చేతులు పైకెత్తింది.