రెండు పేర్ల మనిషి

"ఆసుపత్రి కంప్యూటర్లో ఏసుపాదం, కార్డులో పాపారావు. పేర్లు కలవందే ఆపరేషన్‌కి అనుమతి రాదమ్మా," అన్నాడు కౌంటర్లో ఆపరేటరు, తల ఎత్తకుండానే.

కరుణమ్మకు కడుపు మండింది. కొల్లేటి లంకల్లో చాలా క్రైస్తవ ఇళ్ళలో మగవాళ్ళకు రేషన్ కార్డులో ఒక పేరు, బాప్తిస్మంలో పెట్టింది ఇంకో పేరు. మొగుణ్ణి ఆసుపత్రిలో చేర్పించేటప్పుడు, పాస్టరుగారు ప్రార్థనలో పిలిచే పేరే మంచిదనుకుని ఆమె ఏసుపాదం అని చెప్పింది. కొత్తగా ఇచ్చిన ఆరోగ్య కార్డులో రేషన్ కార్డు పేరే ఎక్కింది. దాంతో మొన్నటినుంచీ ఆయన గుండె ఆపరేషన్ ఆగిపోయింది.

"ఇద్దరూ ఒక్కరేనండీ బాబూ, ఎన్నిసార్లు చెప్పాలి?"

"మండలాఫీసులో రాయించుకు రండి. సోమవారం చూద్దాం."

"అందాకా ఊపిరి ఆపుకోమని ఆయనకి మీరు చెబుతారా అండీ?"

ఆమె విసవిసా వార్డులోకి వెళ్ళి, మొగుణ్ణి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకొచ్చింది. వరుసలో నిలబడ్డవాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

"మీ కంప్యూటర్లో కార్డు ఫోటో ఉంది కదండీ. ఇదిగో మొహం, పోల్చుకోండి. ఆనక మీకు నచ్చిన పేరు పెట్టుకోండి."

"నన్నెందుకే ఊరేగిస్తావు," అని ఆయాసపడుతూనే పాపారావు ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు గెడ్డం పైకెత్తాడు.

ఆపరేటరు ఫోటో చూశాడు, మొహం చూశాడు. ఏవో నాలుగు అక్షరాలు కొట్టాడు. "కంప్యూటరు తీసుకుందమ్మా. డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళండి."

"ఇంతేనా అండీ?" కరుణమ్మ గొంతు హాలంతా మోగింది. "దీనికా ఆయన్ని మొన్నటినుంచీ ఊపిరాడకుండా కూర్చోబెట్టారు?"

అతను ప్రింటు కాగితం అందించబోయాడు. ఆమె దాన్ని లాక్కుని కుర్చీ తోసుకుపోయింది.